మట్టి ట్రక్కు కాంక్రీట్ మీద ఎందుకు పల్టీ కొడుతుంది?

ప్రశ్న: మేం టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. మా పన్నెండేళ్ల అబ్బాయికి ట్రాక్సస్ కంపెనీ రిమోట్ కంట్రోల్ బొమ్మ ట్రక్కు, స్లాష్ టూ వీల్ డ్రైవ్ (వెనక చక్రాలతో నడిచేది) కొనిచ్చాం. ఇంటి ముందు నున్నటి కాంక్రీట్ రోడ్డు, చివర గుండ్రటి మలుపు. వాడు స్పీడుగా తిప్పితే చాలు, ట్రక్కు పక్కకు పల్టీ కొడుతోంది. స్పీడు అందుకునేటప్పుడు వెనక భాగం అటూ ఇటూ ఊగుతోంది. వెనక టైర్లు నడిమధ్యన నున్నగా అరిగిపోయాయి. బ్రష్‌లెస్ మోటార్ (ఇంకా స్పీడిచ్చే మోటార్) వేస్తే సరిపోతుందని వాడి ఫ్రెండ్ అంటున్నాడట. దేనితో మొదలుపెట్టమంటారు మాస్టారూ?
– ఒక తండ్రి, ఫ్రిస్కో

జవాబు: మోటార్ సంగతి ఇప్పుడే వద్దండీ. ఇప్పుడున్న స్పీడుకే పల్టీ కొడుతున్న బండికి ఇంకా స్పీడు ఇస్తే బాడీ పగలడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

ట్రక్కులో లోపం లేదు. స్లాష్‌ని 2008లో తెచ్చినప్పటి నుంచీ దాని అసలు చోటు మట్టి. గుంతలు దాటాలి, గాల్లోకి ఎగరాలి కాబట్టి ఎత్తుగా, మెత్తటి స్ప్రింగులతో కట్టారు. మట్టిలో మలుపు తిప్పితే టైరు జారిపోతుంది, బండిని బయటికి తోసే బలం అక్కడితో తీరిపోతుంది. కాంక్రీట్ మీద టైరు జారదు, గట్టిగా పట్టుకుంటుంది. కింద చక్రాలు ఆగాయి, పైనున్న బరువు మాత్రం బయటికే పోతానంటుంది. నేను ఆర్టీసీ వర్క్‌షాపులో పనిచేసినవాణ్ణి. టాపు మీద మూటలు నింపిన బస్సును ఘాట్ మలుపులో చూసినవాళ్లకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. అందుకే ముందు బరువును కిందికి దించండి, టైర్లు ఆ తర్వాత. తారుమారు చేసి, పల్టీ కొట్టే బండికి ఇంకా పట్టున్న టైర్లు వేస్తే పల్టీలు పెరుగుతాయి.

దించడానికి పెద్ద ఖర్చు లేదు. షాక్‌ల (కుదుపులు ఆపే షాక్ అబ్జార్బర్ల) స్ప్రింగుల పైన బిగించిన ప్లాస్టిక్ క్లిప్పులుంటాయి. మందంగా ఉన్నవి తీసేసి సన్నవి పెట్టండి. అది చాలకపోతే షాక్ విప్పి, పిస్టన్ కింద రాడ్‌కు నాలుగైదు మిల్లీమీటర్ల రబ్బరు ట్యూబు ముక్క తొడగండి. షాక్ అంతకు మించి సాగదు, బండి కూడా అంతకు మించి లేవదు. బ్యాటరీ పెట్టి, జానెడు ఎత్తు నుంచి ట్రక్కును నేల మీద వదిలి చూడండి. వెనక చక్రాలను పట్టుకున్న ఆర్మ్‌లు నేలకు సమాంతరంగా నిలిస్తే ఎత్తు కుదిరినట్టే.

షాక్ ఎలాగూ విప్పుతారు కాబట్టి ఆయిల్ కూడా మార్చేయండి. కంపెనీ పోసేది 30 నంబరు సిలికాన్ ఆయిల్; నంబరు పెరిగేకొద్దీ ఆయిల్ చిక్కగా ఉంటుంది. రోడ్డుకు ముందు 50, వెనక 40 పోయమంటాను. మీ టెక్సాస్ ఎండకు ఆయిల్ పలచబడుతుంది కూడా. పోసేటప్పుడు తొందరపడొద్దు. రాడ్‌ను పూర్తిగా కిందికి లాగి, అంచు దాకా నింపి, పిస్టన్‌ను మెల్లగా పైకీ కిందికీ ఆడించండి. బుడగలు ఒక్కొక్కటే పైకొస్తాయి. కాసేపు నిలబెట్టి ఉంచి, అన్నీ పోయాకే మూత బిగించండి. గాలి మిగిలితే రాడ్ నొక్కినప్పుడు లోపల బుసబుసమంటుంది. ఆ చప్పుడు వినిపిస్తే మళ్లీ విప్పాల్సిందే. మా ఇంట్లో పిల్లలకు నేను మొట్టమొదట నేర్పిన పని ఇదే. మీ అబ్బాయి చేత కూడా చేయించండి, వాడి చేతికి పని తెలుస్తుంది.

బాడీ స్తంభాల మీద పిన్నును ఒక రంధ్రం కిందికి మార్చండి. చక్రాలు తగలకుండా చూసుకుంటే చాలు. కొంచెం డబ్బు పెట్టగలిగితే బ్యాటరీని కిందికి దించే లో సెంటర్ గ్రావిటీ ఛాసిస్ కిట్ కొనండి. ట్రాక్సస్ కంపెనీదే దొరుకుతుంది. కంపెనీ ఉన్నది మీ పక్కనున్న మెకిన్నీలోనే. నా మట్టుకు ఈ ట్రక్కుకు పెట్టే డబ్బులో అన్నింటికన్నా సార్థకమయ్యేది ఇదే.

ఇక టైర్లు. మధ్యలో అరగడానికి కారణం ఉంది. స్పీడులో మెత్తటి టైరు ఉబ్బి, నడిమి గీత మీదే నిలబడుతుంది. లోపల బెల్టు ఉన్న రోడ్డు టైర్లు అలా ఉబ్బవు. పక్కగోడ తక్కువ ఎత్తున్నవి, లోపల గట్టి ఫోమ్ ఉన్నవి తీసుకోండి, మలుపులో మడత పడవు. చక్రం ఇరుసుకు తగిలే హబ్ 12 మిల్లీమీటర్ల హెక్స్ (ఆరు పలకలది) అయితే చాలనుకోకండి. ఈ టూ వీల్ డ్రైవ్‌కు ముందు చక్రాల ఆఫ్‌సెట్ (హబ్ తగిలే చోటు రిమ్ము నడిమి నుంచి ఎంత పక్కకు ఉందో ఆ కొలత) వేరు, వెనక వాటిది వేరు. ప్యాకెట్ మీద రెండూ సరిచూసుకోండి. విడిగా కొంటే టైరును రిమ్ముకు చుట్టూ సూపర్ గ్లూతో అంటించాలి. మెత్తటి రబ్బరు వెనకా, కొంచెం గట్టిది ముందూ వేయండి. ముందు పట్టు మితంగా ఉంటే బండి పల్టీకి బదులు కాస్త వెడల్పుగా తిరుగుతుంది. వెనక పట్టు ఎక్కువైతే ఆ ఊగుడు కూడా చాలావరకు తగ్గుతుంది.

అప్పటికీ ఒరుగుతుంటే మీ మోడల్‌కు సరిపడే స్వే బార్ (ఎడమ, కుడి చక్రాల ఆర్మ్‌లను కలిపి ఒరుగుడు తగ్గించే కడ్డీ) ముందు భాగానికే వేయండి. వెనక ఒక్కదానికే వేస్తే వెనక పట్టు తగ్గి, ఊగుడు మళ్లీ మొదలవుతుంది.

మార్పులయ్యాక మొదట ట్రైనింగ్ మోడ్‌లో నడపమనండి. మీ ట్రక్కులో ఎక్స్‌ఎల్-5 కంట్రోలర్ (మోటారుకు కరెంటు అందించే పెట్టె) ఉంటే అందులో స్పీడు సగానికి తగ్గుతుంది. లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ వాడుతుంటే కంట్రోలర్ లైటు ఆకుపచ్చగా ఉందో లేదో చూడండి. ఎరుపు ఉందంటే లో వోల్టేజ్ రక్షణ ఆగి ఉన్నట్టు, బ్యాటరీ పాడవుతుంది. ఆ చివరి మలుపు ఫుల్ స్పీడులో నాలుగు చక్రాలూ నేల మీదే ఉంచి తిరిగే దాకా రెండు సెల్లుల బ్యాటరీతోనే ఉండండి.

అది కుదిరాక బ్రష్‌లెస్ వేసుకోండి, నేనే సరేనంటాను. అప్పుడు పాత పినియన్‌నే (మోటార్ ఇరుసు మీదుండే చిన్న పళ్ల చక్రాన్నే) ఉంచేయకుండా, కొత్త మోటార్ కాగితంలో చెప్పిన పళ్ల లెక్కతో మొదలుపెట్టి, ఐదు నిమిషాలు నడిపి మోటార్ వేడి చూడండి. చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే చిన్న పినియన్ వేయండి.