చిట్టీ, ఆ వాచ్‌మన్‌ని ఇంకోసారి రాయి

చిట్టీ,

ఉద్యోగం మానేసి కామెడీ సిరీస్ రాస్తున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒకసారి భయం వేస్తుంది, మరుక్షణం గర్వంగా ఉంటుంది. మన ఇంట్లో ఇంతవరకు ఎవరూ రాతను నమ్ముకుని బతకలేదు. తెల్లారాక నువ్వు పంపిన రెండు ఎపిసోడ్లూ ప్రింట్ తీసుకుని చదివాను. పాత బ్రిటిష్ సిట్‌కామ్‌లలో, అంటే టీవీ హాస్య సీరియళ్లలో, ఏవి చూడాలని అడిగావు కదా, చెప్తాను.

ముందు చిన్న సంగతులు. ఏడాది ఖర్చులకి సరిపడా డబ్బు లేకపోతే ఇప్పుడే చెప్పు, మొహమాటపడకు. ఆఫీసు ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్ పోయింది కాబట్టి సొంతంగా ఒకటి ఈ నెలలోనే తీసుకో. రాసింది రెండు చోట్ల దాచుకో. మధ్యాహ్నం అన్నం మానకు. ఇంత పెద్ద విషయం మీ నాన్నకి వాట్సాప్‌లో చెప్పడం మాత్రం తప్పే. ఎదురుగా కూర్చుని చెప్పాల్సింది.

నేను 1974లో ఇంగ్లండ్‌లోని లెస్టర్ వచ్చినప్పుడు నాకు ఇంగ్లిష్ బాగానే వచ్చనుకున్నాను. డాక్టర్ల మెస్‌లో టీవీ ముందు కూర్చుంటే అర్థమైంది, నాకు వచ్చింది పుస్తకాల ఇంగ్లిష్ అని. అందరూ నవ్వాక చూసుకుని నవ్వేవాణ్ని. ఏడాది తర్వాత, 1975 సెప్టెంబర్‌లో, బీబీసీ 2లో ‘ఫాల్టీ టవర్స్’ మొదలైంది. టార్కీ అనే సముద్రతీర పట్టణంలో ఒక హోటల్. దాని యజమాని బేసిల్ మామూలు అతిథుల మీద విసుక్కుంటాడు. లార్డ్ మెల్బరీ అని చెప్పుకుని ఒకడు రాగానే వంగి వంగి సేవలు చేస్తాడు. తీరా చూస్తే వాడు మోసగాడు. ఆ రోజు మెస్‌లో అందరికంటే ముందు నేను నవ్వాను. ఆమదాలవలస స్టేషన్ దగ్గర మీ తాతయ్య కాఫీ హోటల్ నువ్వు చూడలేదు. తాసిల్దారు గుమ్మంలో కనపడితే చాలు, మీ తాతయ్య భుజం మీది కండువాతో బల్ల తుడిచేవారు. కూలివాళ్లు ఇంకో టీ అడిగితే మాత్రం కసిరేవారు. సముద్రాలు దాటి వచ్చి మీ తాతయ్యని టీవీలో చూశాను. నవ్వుతూ నవ్వుతూనే ఆయన మీద బెంగ పెట్టుకున్నాను.

జాన్ క్లీజ్, కోనీ బూత్ కలిసి దాన్ని రాశారు. అప్పుడు వాళ్లు భార్యాభర్తలు. రెండో సిరీస్ వచ్చిన 1979 నాటికి విడిపోయారు. మొత్తం పన్నెండు ఎపిసోడ్లే. నువ్వు ఏడాదిలో నలభై రాస్తానంటున్నావు. వద్దమ్మా. ఆ పన్నెండూ చూడు, ఒక్క మాట తీస్తే ఎక్కడ కూలుతుందో కాగితం మీద రాసుకో.

ఇప్పుడు నేను ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెప్తాను.

1977 డిసెంబర్ చివర్లో ఐటీవీలో ‘మైండ్ యువర్ లాంగ్వేజ్’ వచ్చింది. రకరకాల దేశాల నుంచి వచ్చినవాళ్లు రాత్రిబడిలో ఇంగ్లిష్ నేర్చుకుంటారు. వాళ్ల ఇంగ్లిష్ తప్పులే అందులో హాస్యం. రంజీత్ సింగ్ అనే సిక్కు పాత్ర ఉంటుంది. ప్రతి దానికీ చేతులు జోడించి ‘ఎ థౌజండ్ అపాలజీస్’, వేయి క్షమాపణలు, అంటుంటాడు. టీవీలో మన రంగు మొహాలు కనిపించడమే అరుదైన రోజులు. మేం ఎగబడి చూశాం.

మా ఆసుపత్రిలో ఒక సిక్కు పెద్దాయన పోర్టర్‌గా చేసేవారు. రాత్రి డ్యూటీల్లో నాకు ఇంటి నుంచి పరాఠాలు తెచ్చేవారు. శాకాహారం దొరక్క నేను బ్రెడ్డూ చీజూ తిని బతుకుతున్న రోజులవి. ఇద్దరం హిందీలో మాట్లాడుకునేవాళ్లం. నా హిందీ నీకు తెలుసు కదా, ఆడా మగా తేడా లేకుండా మాట్లాడతాను. ఆయన దానికి ఒక్కసారీ నవ్వలేదు.

1978 క్రిస్మస్‌కి స్టాఫ్ అంతా సరదాగా నాటికలు వేశారు. నన్నూ ఏదైనా చెయ్యమన్నారు. క్రేప్ బ్యాండేజీలు తలకి తలపాగాలా చుట్టుకుని, చేతులు జోడించి, ‘ఎ థౌజండ్ అపాలజీస్’ అంటూ స్టేజీ ఎక్కాను. పోర్టర్ ఇంగ్లిష్ ఎలా మాట్లాడతాడో అచ్చం అలాగే మాట్లాడాను. హాలు దద్దరిల్లింది. అంతకుముందు నన్ను పేరు పెట్టి పిలవని కన్సల్టెంట్ వచ్చి నా భుజం తట్టాడు. నాలుగేళ్లలో మొదటిసారి, నేను వాళ్లలో ఒకణ్ని అయ్యాననిపించింది. దిగుతూ చూస్తే ఆ పోర్టర్ పెద్దాయన తలుపు దగ్గర ట్రాలీ పట్టుకుని నిలబడి ఉన్నారు.

ఏమీ అనలేదు. మర్నాడు రాత్రి కూడా పరాఠాలు తెచ్చారు. కానీ ఆ రోజు నుంచి నాతో హిందీలో మాట్లాడలేదు. ఇంగ్లిష్‌లోనే, ఒక్కో మాట కూడబలుక్కుని, తప్పు రాకుండా చూసుకుంటూ మాట్లాడేవారు. నేను హిందీలో అడిగినా ఇంగ్లిష్‌లోనే జవాబు. కొన్ని నెలల తర్వాత వేరే ఊరు వెళ్లిపోయారు. స్టేజీ మీద నవ్వుల కోసం వేయి క్షమాపణలు చెప్పినవాణ్ని, ఆయనకి ఒక్కటి చెప్పలేకపోయాను.

విశాఖలో మెడిసిన్ చదివేటప్పుడు ‘ఏటి, ఎల్తన్నావా’ అని నేనంటే క్లాసంతా నవ్వేది. ఆ అవమానం ఎలా ఉంటుందో నాకు తెలుసు. తెలిసీ చేశాను. అందుకే ఇన్నేళ్లయినా నన్ను వదలడం లేదు.

నీ కథలో వాచ్‌మన్‌ది శ్రీకాకుళం యాస. రెండు ఎపిసోడ్లలో వాడు పదకొండు సార్లు నోరు తెరిచాడు, లెక్కపెట్టాను. పదకొండు సార్లూ యాస వల్లే నవ్వు. నీకు ఎవర్నీ బాధపెట్టాలని లేదు, నాకు తెలుసు. ‘టిల్ డెత్ అజ్ డూ పార్ట్’ అనే సిట్‌కామ్ రాసిన జానీ స్పైట్‌కీ లేదు. జాత్యహంకారాన్ని ఎగతాళి చెయ్యడానికే అందులో వలస వచ్చినవాళ్లని తిట్టే ఆల్ఫ్ గార్నెట్ అనే పాత్రని సృష్టించాడు. తీరా చూసేవాళ్లలో చాలామంది ‘బాగా చెప్పాడురా’ అని వాడి పక్షాన చేరారు. రాసినవాడి ఉద్దేశం టీవీలో కనపడదు తల్లీ.

యాస పెట్టొద్దని కాదు. ఫాల్టీ టవర్స్‌లో మాన్యుయెల్ ఉన్నాడు, బార్సిలోనా నుంచి వచ్చిన సర్వర్, ఇంగ్లిష్ సరిగా రాదు. కానీ గమనించు, అక్కడ వెర్రివాడయ్యేది ఎక్కువగా వాడి మీద అరిచే బేసిలే. ఆ వేషం వేసిన ఆండ్రూ సాక్స్ 1938లో, ఎనిమిదేళ్ల పిల్లాడిగా, నాజీల నుంచి తప్పించుకుని బెర్లిన్ నుంచి వచ్చినవాడు. అయినా స్పెయిన్‌లో ప్రసారం చేసినప్పుడు మాన్యుయెల్‌ని ఇటలీవాడిగా మార్చేశారు. ఎవరింట్లో వాళ్లకి తగులుతుంది.

నీ వాచ్‌మన్‌కి ఒక కోరిక ఇవ్వు. అసోసియేషన్ ప్రెసిడెంట్ కంటే వాడికి ఒక విషయం ఎక్కువ తెలియనివ్వు. ‘డాడ్స్ ఆర్మీ’లో చూడు. యుద్ధకాలంలో ఊరిని కాపాడే ముసలివాళ్ల దళం. కెప్టెన్ మెయిన్‌వారింగ్ బ్యాంకు మేనేజర్, సార్జెంట్ విల్సన్ అదే బ్యాంకులో ఆయన కింద పనిచేసేవాడు. కానీ విల్సన్‌ది పెద్దింటి పుట్టుక, పెద్ద బడి చదువు. ఆ మంట మేనేజర్‌ని ఎనభై ఎపిసోడ్ల పాటు కాలుస్తూనే ఉంటుంది. వాళ్లని చూసి నవ్వుతాం, కానీ జర్మన్లు నిజంగా వస్తే ఆ ముసలివాళ్లు నిలబడి చచ్చిపోతారని మనకి తెలుసు. రాసిన ఇద్దరిలో జిమ్మీ పెర్రీ కుర్రతనంలో అలాంటి దళంలోనే పనిచేశాడు. ఆ ప్రేమ అక్కడిది.

మంత్రికీ అధికారులకీ మధ్య నడిచే ‘ఎస్ మినిస్టర్’ మీ నాన్నకి నచ్చుతుంది, ప్రభుత్వోద్యోగి కదా. అందులో ఒక ఆసుపత్రి ఉంటుంది, ఐదు వందల మంది సిబ్బంది, ఒక్క రోగి లేడు. ‘ఓన్లీ ఫూల్స్ అండ్ హార్సెస్’ మాత్రం డబ్బు టెన్షన్ ఉన్న రోజు చూడు. డెల్ బాయ్ ఎప్పుడూ తమ్ముడితో వచ్చే ఏడాది ఈపాటికి మనం కోటీశ్వరులం అంటుంటాడు. అమ్మ లేని తమ్ముణ్ని పెంచినవాడి మాట అది. 1996లో చివరిదనుకున్న ఎపిసోడ్‌ని రెండు కోట్ల నలభై లక్షల మందికి పైగా చూశారంటే ఆ అన్నదమ్ముల కోసమే.

డీవీడీలన్నీ పెట్టెలో సర్దాను. మార్చిలో వస్తున్నవాళ్ల చేత పంపుతున్నాను. ఇక్కడివి రీజియన్ 2, ఈ ప్రాంతపు ప్లేయర్ల కోసం చేసినవి, అక్కడి ప్లేయర్లలో ఆడకపోవచ్చు, ముందే కనుక్కో. మొదట డాడ్స్ ఆర్మీ తెరువు. ఒక్కదానివే చూడకు, మీ నాన్నని పక్కన కూర్చోబెట్టుకో. వాడు రానంటే నేను పంపానని చెప్పు. మధ్యలో వాడికి ఏదైనా అర్థం కాకపోతే, ఏ వేళైనా సరే, నాకు ఫోన్ చెయ్యమను.

మీ పెదనాన్న