కట్టిన చార్జీ ఆ కాలనీకే రావాలి

నగరం పెరుగుతుంటే కొత్తగా వచ్చేవాళ్ల దగ్గర డెవలప్‌మెంట్ చార్జీలు వసూలు చేసి సౌకర్యాలు కల్పించడం న్యాయమేనా అని చాలామంది అడుగుతుంటారు. న్యాయమే. మా కాలనీలో మోరీలు వేయడానికి, ఎప్పటినుంచో ఇంటిపన్ను కడుతున్న ఊరి నడిమధ్య వాళ్లెందుకు డబ్బులివ్వాలి? నా గొడవంతా ఆ డబ్బు ఎటు పోతుందన్నదే.

మాది హైదరాబాద్ శివారులో ఒకప్పటి పంచాయతీ లేఅవుట్. ప్లాన్ కాగితం మీద పార్కు చూపించి ప్లాట్లు అమ్మిన రియల్టర్, తర్వాత ఆ పార్కును కూడా ముక్కలు చేసి అమ్ముకున్నాడు. అతన్ని అడిగిన దిక్కు లేదు. 2020లో ఎల్ఆర్ఎస్, అంటే అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్లను చార్జీ కట్టించుకుని క్రమబద్ధం చేసే ప్రభుత్వ పథకం, వస్తే వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టిన దాదాపు పాతిక లక్షల మందిలో నేనూ ఉన్నాను. ఏళ్ల తరబడి ఫైలు కదల్లేదు. 2025లో 25 శాతం రాయితీ అనగానే మిగతాది మొత్తం కట్టేశాను.

ఆ వానాకాలమే మా వీధి మునిగింది. ఎగువ లేఅవుట్ల నీళ్లన్నీ మా గల్లీలోంచే చెరువుకు దిగాలి, మోరీ లేదు. సెప్టిక్ ట్యాంకు నిండి బాత్రూంలోకి ఎగదన్నింది. స్కూలు బస్సు లోపలికి రానంటే, పిల్లలు బూట్లు చేతిలో పట్టుకుని బురదలో మెయిన్ రోడ్డు దాకా నడిచారు. చివరికి కాలనీవాళ్లం చందాలేసుకుని మొరం పోయించి, సిమెంటు పైపులు కొని, జేసీబీ పెట్టి పాతించుకున్నాం. అంటే ఒకే మోరీకి రెండుసార్లు కట్టామన్నమాట. పైపుల మీద మట్టి కప్పిన మర్నాడే, రసీదు పట్టుకుని మునిసిపాలిటీకి పోయాను. "అంతా ఒకటే ఖాతాల పడుతది సార్, మీ కాలనీకి వేరే లెక్కుండదు" అన్నాడు సీట్లో ఉన్నాయన.

కానీ ఎల్ఆర్ఎస్ నిబంధనల్లోనే ఉంది: ఈ డబ్బును వేరే ఖాతాలో ఉంచి, ఆ ప్రాంతంలో సౌకర్యాలకే ఖర్చుపెట్టాలని. "ఆ ప్రాంతం" అంటే ఎక్కడిదాకా? నా లెక్క ప్రకారం లేఅవుట్ దాకానే. ఇంకాస్త సాగదీస్తే, మేం కట్టిన డబ్బుతో ఎక్కడో జంక్షన్‌లో ఫౌంటెన్ లేస్తుంది.

అన్నిటికంటే నన్ను మండించేది ఖాళీ స్థలం చార్జీ. లేఅవుట్‌లో 10 శాతం జాగా వదలకపోతే ప్లాటు విలువలో 14 శాతం కట్టించుకుంటారు. సరే, కట్టాం. కానీ డబ్బు జాగా కాదు కదా! వచ్చిన డబ్బుతో మునిసిపాలిటీ ఆ కాలనీలోనే ఖాళీగా ఉన్న ప్లాటు ఒకటి పార్కు కోసం వెంటనే కొనాలి. ఆలస్యమయ్యేకొద్దీ గజం ధర పెరుగుతుంది, ఉన్న ప్లాట్లలో ఇళ్లు లేస్తాయి. తర్వాత ఎన్ని కోట్లున్నా అక్కడ పార్కు రాదు. మా చివరి వీధిలో మూలప్లాటు ఒకటి ఇంకా ఖాళీగానే ఉంది, ఓనరు అమ్ముతానంటున్నాడు.

అమెరికాలో టెక్సస్ చట్టం చూడండి. అక్కడ ఇంపాక్ట్ ఫీజు, అంటే మన డెవలప్‌మెంట్ చార్జీ లాంటిది, తీసుకున్న ఊరు పదేళ్లలోపు దాన్ని ఖర్చుపెట్టకపోతే, స్థలం యజమానికి వాపసు ఇవ్వాలి. మన దగ్గర కూడా గడువు పెట్టాలి, పదేళ్లు కాదు, మూడేళ్లు చాలు. ఏ లేఅవుట్ నుంచి ఎంతొచ్చింది, ఎంత ఖర్చయింది అని కాలనీ కమాను దగ్గర బోర్డు రాయాలి. అప్పుడు చార్జీ ఇంకాస్త పెంచినా జనం కడతారు, నాకా నమ్మకం ఉంది.

మా సంఘం తరఫున సమాచార హక్కు కింద అడిగాం. మునిసిపాలిటీ మొత్తం వసూలు ఒక్క అంకెగా రాసి పంపారు, మా లేఅవుట్ ఊసే లేదు. అప్పీలుకు వెళ్తున్నాం. మీరు కూడా చార్జీ కట్టి ఉంటే రసీదు జెరాక్స్ తీసి పెట్టుకోండి, దాని మీద లేఅవుట్ పేరు, సర్వే నంబరు ఉన్నాయో లేదో ముందు చూసుకోండి.