ఫోన్‌లో అన్నీ దొరుకుతుంటే లైబ్రరీ సైన్స్ చదివించాలా?

ప్రశ్న: మాది నరసన్నపేట దగ్గర పల్లె. మా పాప ఈ ఏడాది బీఎస్సీ పూర్తి చేసింది. బీఎల్ఐఎస్సీ (లైబ్రరీ సైన్స్ డిగ్రీ) చేస్తానంటోంది. ఇప్పుడు అన్నీ ఫోన్‌లోనే దొరుకుతున్నాయి, ఏఐని అడిగితే జవాబు చెప్పేస్తోంది. ఇక లైబ్రరీకి ఎవరెళ్తారని నా టెన్షన్. బంధువులంతా బీఈడీ చేయించమంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీ భయంలో సగం నిజమే. రెగ్యులర్ పోస్టులు తక్కువ, నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేరు. ప్రైవేటు కాలేజీల్లో మొదట్లో జీతం అంతంతమాత్రమే. కార్డులు రాసుకోవడం, స్టాంపు కొట్టి పుస్తకం ఇవ్వడం, ఇంతే పని అనుకుని వెళ్తే మాత్రం ఆ ఉద్యోగం దాదాపు పోయిందనే చెప్పాలి. ఆ పని బార్‌కోడ్ చేసేస్తోంది.

మిగతా సగం దగ్గరే మీతో నాకు పేచీ. ఫోన్‌లో దొరుకుతోందంటే, ఎవరో పెట్టబట్టే కదా!

ఒక ఆదివారం మీ పాపను శ్రీకాకుళంలో కథానిలయానికి తీసుకెళ్లండి. కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరి 22న ప్రారంభించిన గ్రంథాలయం అది. పాత పత్రికల్లో ఎక్కడెక్కడో పడి ఉన్న తెలుగు కథల్ని వెతికి పట్టుకుని, ఏ కథ ఎవరిది, ఏ సంచికలో వచ్చిందో రాసిపెట్టి, తర్వాత స్కాన్ చేసి వెబ్‌సైట్‌లో పెట్టారు. ఇప్పుడు అమెరికాలో ఉన్నవాళ్లు కూడా చదువుకుంటున్నారు. ఆ పత్రికలు తిరగేసింది గూగుల్ కాదు, మనుషులే.

ఇంకో ఉదాహరణ. ఇంగ్లీషు పుస్తకమైతే దాని మీద అచ్చయి ఉండే ఐఎస్‌బీఎన్ నంబరు కొడితే చాలు, సాఫ్ట్‌వేర్ వేరే లైబ్రరీ నుంచి వివరాలన్నీ లాక్కొచ్చేస్తుంది. మన తెలుగు పుస్తకాలు చాలావాటికి ఆ నంబరే ఉండదు. పైగా పేర్ల చిక్కు. విజయనగరం చాసో గారినే తీసుకోండి. ఒక పుస్తకం మీద చాసో, ఇంకోదాని మీద చాగంటి సోమయాజులు అని ఉంటుంది. ఇద్దరూ ఒకరేనని కంప్యూటర్‌కు ఎవరో ఒకరు చెప్పాలి. లేకపోతే సగం పుస్తకాలు లైబ్రరీలో ఉండి కూడా లేనట్టే. ఆ ముడి వేసేది లైబ్రేరియనే.

ఏఐ సంగతంటారా, అది ఈ పనిని పెంచింది. లేని పుస్తకానికి కూడా రచయిత పేరు, అచ్చయిన సంవత్సరంతో సహా ధీమాగా చెప్పేస్తుంది. పిల్లలు ఆ పేరు పట్టుకుని లైబ్రరీకొస్తారు. ఆ పుస్తకం అసలుందో లేదో తేల్చేవాళ్లు ఒకరుండాలి కదా.

ఇక ఉద్యోగాలు. కాలేజీల నాణ్యతను పరిశీలించే నాక్ సంస్థ గుర్తింపు ఇచ్చేటప్పుడు లైబ్రరీ ఆటోమేషన్ జరిగిందా లేదా అని చూస్తారు. ఆ పరిశీలన దగ్గరపడిందంటే చాలు, పుస్తకాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించే మనిషి కోసం పరుగులు మొదలవుతాయి. (అప్పటిదాకా గుర్తురారు, అది వేరే సంగతి.) యూనివర్సిటీల్లో పీహెచ్‌డీ థీసిస్‌లు శోధ్‌గంగ అనే వెబ్‌సైట్‌లో పెట్టడం, కాపీ ఉందేమో సాఫ్ట్‌వేర్‌తో చూడటం కూడా చాలాచోట్ల లైబ్రరీ నెత్తినే పడుతుంది. 2025 జనవరి నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు సుమారు 13,000 జర్నల్స్ (పరిశోధన పత్రికలు) ఆన్‌లైన్‌లో అందుతున్నాయి. వాటిలో తమకు కావలసింది ఎలా వెతుక్కోవాలో పిల్లలకు నేర్పడానికి సైన్స్ చదివిన లైబ్రేరియన్ అయితే మరీ మంచిది. మీ పాప బీఎస్సీ వృథా కాదు.

డిగ్రీ తర్వాత బీఎల్ఐఎస్సీ ఏడాది కోర్సు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం 1935లోనే ఈ చదువు మొదలుపెట్టింది. దూరవిద్యలో ఇగ్నో ఉంది. కేంద్రీయ విద్యాలయాల్లో లైబ్రేరియన్ మూలవేతనం 44,900 రూపాయల నుంచి మొదలవుతుంది. దానికి డిగ్రీ, బీఎల్ఐఎస్సీతో పాటు హిందీ, ఇంగ్లీషు పని జరిగేంత రావాలి. డిగ్రీ కాలేజీ, యూనివర్సిటీ స్థాయికి వెళ్లాలంటే ఆ తర్వాతి పీజీ అయిన ఎంఎల్ఐఎస్సీలో 55 శాతం మార్కులు, నెట్ లేదా సెట్ అనే అర్హత పరీక్షలో ఉత్తీర్ణత కావాలి. కాబట్టి ఏడాదితో ఆపేస్తే దారి ఇరుకు. రెండేళ్లకు సిద్ధపడే చేర్పించండి.

సర్టిఫికెట్ కన్నా ముందు ఆమె నేర్చుకోవలసింది పుస్తకాల వివరాలు ఎక్కించుకునే కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్. న్యూజిలాండ్‌లో ఒక చిన్న ప్రాంతపు లైబ్రరీ, 2000 సంవత్సరం వస్తే తమ పాత సాఫ్ట్‌వేర్ పనిచేయదని కంగారుపడి తయారు చేయించుకుంది. కొనే స్తోమత లేనివాళ్లకూ పనికొస్తుందని ఉచితంగా వదిలేసింది. మావోరీ భాషలో కోహా అంటే కానుక. లైనక్స్ వేస్తే మామూలు కంప్యూటర్లో కూడా నడుస్తుంది.

ఫీజు కట్టేముందు ఒక చిన్న పరీక్ష పెట్టండి. మీ ఊరి బడిలో బీరువాలో మూలుగుతున్న పుస్తకాలు ఒక యాభై తీసుకుని వాటి వివరాలు కోహాలోనో, కనీసం ఎక్సెల్‌లోనో ఎక్కించమనండి. ఇరవై అయ్యేసరికి విసుగొచ్చి వదిలేస్తే బీఈడీ ఫారం తెప్పించండి. అలాకాక "నాన్నా, ఈ రెండు పేర్లూ ఒక్కరివేనా?" అని మిమ్మల్ని అడగడానికొస్తే, బంధువులకు ఏం చెప్పాలో మీరు చూసుకోండి.