తెల్ల మచ్చలు, ముందు చర్మం బిగుసుకుపోవడం: ఫంగస్ అనుకుని రెండేళ్లు పోగొట్టుకున్నాను

ఆరు నెలలుగా అంగం కొన మీద తెల్ల మచ్చలు, ముందు చర్మం వెనక్కి రావట్లేదు, కలిసినప్పుడల్లా చిట్లుతోంది, ఫంగస్ క్రీములతో తగ్గట్లేదు, ఇది సుఖవ్యాధా అని అడిగారు. చూడకుండా మీది ఫలానా అని చెప్పలేను. కానీ మీరు రాసిన వరస అచ్చం నాదే. నాకు తేలింది లైకెన్ స్క్లెరోసస్, అంటే చర్మం తెల్లబడి బిగుసుకుపోయే జబ్బు. అది ఇన్ఫెక్షన్ కాదు, సుఖవ్యాధి అసలే కాదు. మీ ఆవిడకి అంటుకోదు.

నేను రెండేళ్లు ఫంగస్ అనుకునే తిరిగాను. విచిత్రం ఏమిటంటే, మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే నాలుగు రోజులు తగ్గేది. అందులో ఫంగస్ మందుతో పాటు స్టెరాయిడ్ కూడా కలిపి ఉందని తర్వాత తెలిసింది. ఆ నాలుగు రోజుల ఉపశమనమే నన్ను డాక్టర్ దాకా వెళ్లనివ్వలేదు.

స్కిన్ డాక్టర్ లైటు వేసి రెండు నిమిషాలు చూశారు. చర్మం నలిపిన పల్చటి కాగితంలా ముడతలుపడి, తెల్లగా మెరుస్తోంది. మూత్రం ధార సన్నబడిందా, పోశాక చుక్కలు పడుతున్నాయా అని అడిగారు. సుగర్ ఉన్నవాళ్లకి అక్కడ ఫంగస్ తరచూ వస్తుంది కాబట్టి ఆ టెస్టూ చేయించారు. నాకు బయాప్సీ అవసరం పడలేదు. అనుమానం ఉంటే చిన్న ముక్క తీసి చూస్తారట.

మందు క్లోబెటసాల్ 0.05 శాతం ఆయింట్‌మెంట్. రోజుకోసారి, పల్చగా, మచ్చ ఉన్నంత మేరే, మూడు నెలలు. ట్యూబు మీద స్టెరాయిడ్ అన్న మాట చూసి భయపడి పది రోజులకే మానేశాను. నేను చేసిన పెద్ద తప్పు అదే. మందు వల్ల చర్మం పాడవుతుందని నేను భయపడుతుంటే, ఆపేసిన ఆ కొన్ని వారాల్లో జబ్బే చర్మాన్ని ఇంకా బిగించేసింది. అలాగని మీకు మీరే కొని రాయకండి. నిజంగా ఫంగసో హెర్పిసో అయితే ఇదే మందు దాన్ని పెంచుతుంది.

మందు కాక నాకు పనికొచ్చింది ఇంకోటి ఉంది. ముందు చర్మం కింద నిలిచే మూత్రం ఈ జబ్బుని రేపుతుందని డాక్టర్ అన్నారు. అందుకని పోశాక వృషణాల వెనక వేలితో ముందుకు నొక్కి చివరి చుక్కలు తీసేస్తాను, టిష్యూతో అద్దుకుని కాస్త వాజిలీన్ రాస్తాను. సబ్బు పూర్తిగా మానేసి ఉత్త నీళ్లతోనే కడుగుతున్నాను. ఒక్క మాట, కండోమ్ వాడేవాళ్లయితే వాజిలీన్‌తో జాగ్రత్త, లేటెక్స్ దెబ్బతిని చిరిగిపోతుంది.

దురద, పగుళ్లు నెలలోపే తగ్గాయి. తెలుపు పూర్తిగా పోలేదు. చర్మం చాలావరకు వదులైంది. వదులవ్వనివాళ్లకి సున్తీ చేస్తారు, చాలామందికి దాంతో సర్దుకుంటుంది. మీకు ధార సన్నబడితే యూరాలజిస్ట్‌ని కూడా కలవండి, మూత్రనాళం ఇరుకవుతూ ఉండొచ్చు. మానని పుండు, గట్టి గడ్డ కనిపిస్తే ఆగొద్దు. అరుదుగానే అయినా దీని మీద క్యాన్సర్ రావచ్చు. నేను ఇప్పటికీ ఏడాదికోసారి చూపించుకుంటాను.

ఇంట్లో చెప్పడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. ఆవిడ ఈలోగా నేను దూరం పెడుతున్నానని అనుకుందట. మీరు అపాయింట్‌మెంట్ తీసుకున్న రోజే చెప్పేయండి.