ఉబుంటు అప్‌గ్రేడ్ ‘అన్‌మెట్ డిపెండెన్సీస్’ అని ఎందుకు ఆగిపోతుంది?

సిస్టమ్‌లో ఉన్న ఏదో ఒక ప్యాకేజీ (ఇన్‌స్టాల్ చేసిన సాఫ్ట్‌వేర్) అడిగే లైబ్రరీ (ప్రోగ్రామ్‌లు పంచుకుని వాడుకునే కోడ్) వెర్షన్ ఇప్పుడున్న రిపోజిటరీల్లో, అంటే ఉబుంటు ప్యాకేజీలు తెచ్చుకునే ఆన్‌లైన్ నిల్వల్లో, దొరక్కపోవడం వల్లే సాధారణంగా ఈ ఎర్రర్ వస్తుంది.

ప్రతి ప్యాకేజీ తనకు ఏ లైబ్రరీ, ఏ వెర్షన్ కావాలో ముందే రాసిపెట్టుకుని ఉంటుంది, ప్యాకేజీలు వేసే, తీసే ‘ఆప్ట్’ అనే ప్రోగ్రామ్ అన్నిటి లెక్కా కుదిరితేనే కదులుతుంది, ఒక్కటి కుదరకపోయినా మొండికేస్తుంది. మొండికేయడమే నయం, లేకపోతే సగం కొత్త, సగం పాతతో సిస్టమ్ బూట్ కూడా కాకపోవచ్చు.

తిరుపతిలో ఒక లాడ్జి కౌంటర్‌లో ఉబుంటు 20.04 మీద, బయటి నుంచి డెబ్ ఫైల్ (ఉబుంటు ఇన్‌స్టాల్ ఫైల్)తో వేసిన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఉందనుకోండి. దానికి లిబ్ఎస్ఎస్ఎల్ 1.1 కావాలి, అది ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్‌లోని పాత లైబ్రరీ. 22.04లో ఓపెన్ఎస్ఎస్ఎల్ 3 వచ్చేసింది, పాతది రిపోజిటరీలోనే లేదు. ‘ఆప్ట్ పాలసీ’ అని కొట్టి పక్కన లైబ్రరీ పేరు ఇస్తే ఏ వెర్షన్ ఎక్కడ దొరుకుతుందో కనిపిస్తుంది. ఇక తేల్చుకోవాల్సింది ఆ సాఫ్ట్‌వేర్ సంగతే: 22.04కి సరిపడే వెర్షన్ తెప్పించుకోవాలి, లేదా తీసేయాలి.

చాలామంది పొరపాటు పడేది, లెక్క కుదరకపోయినా బలవంతంగా ఇన్‌స్టాల్ చేయించే ఫోర్స్ ఆప్షన్ దగ్గర. అది సమస్యను తీర్చదు, చెకింగ్‌ను పక్కన పెడుతుంది అంతే. పాత లిబ్ఎస్ఎస్ఎల్ ఫైల్ వెతికి వేసుకుంటే ప్రోగ్రామ్ నడవచ్చు గానీ, 22.04 నుంచి దానికి సెక్యూరిటీ అప్‌డేట్లు రావు. చెడిన డిపెండెన్సీలను సరిచేయమని ఆప్ట్‌కి చెప్పే ‘ఫిక్స్-బ్రోకెన్’ ఆప్షన్ కూడా మంత్రం కాదు, లెక్క కుదర్చడానికి కొన్ని ప్యాకేజీలను తీసేయొచ్చు, అందుకే ‘వై’ (సరే) నొక్కే ముందు ‘రిమూవ్’ లిస్టు చదవండి.