ముసలి కుక్కకు చర్మవ్యాధి: దురద ముందా, వెంట్రుకలు రాలడం ముందా?

రైతు సందేహం: మా పొలం కాపలా కుక్కకు 11 ఏళ్లు, బరువు సుమారు 24 కిలోలు. ఆరు నెలలుగా నడుముకు రెండు వైపులా, తొడల వెనుక వెంట్రుకలు పలచబడుతూ వచ్చాయి. ఇప్పుడు అక్కడ చర్మం నల్లబడి, మందంగా, జిడ్డుగా తయారై దుర్వాసన వస్తోంది. గత రెండు నెలలుగా రాత్రీ పగలూ గోక్కుంటోంది. మందుల దుకాణంలో అడిగి తెచ్చిన దురద మాత్రలను పది రోజుల చొప్పున మూడుసార్లు వేశాం. వేసినన్నాళ్లు తగ్గుతుంది, ఆపగానే మళ్లీ మొదలవుతుంది. ఆవులకు వాడే పిడుదుల మందు దీనికీ పోయవచ్చా? లేక ముసలితనం వల్ల వచ్చినదని ఊరుకోవాలా?

నిపుణుల సలహా: మీరు రాసిన వివరాలలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచినది కాలక్రమం. వెంట్రుకలు రాలడం ఆరు నెలల కిందట మొదలైంది, దురద రెండు నెలల కిందటే వచ్చింది. గజ్జి, మిన్నల్లులు, అలర్జీ వంటివి మూలమైతే కుక్క ముందుగా గోక్కుంటుంది, ఆ గోకుడు వల్ల తరువాత వెంట్రుకలు ఊడతాయి. మీ కుక్కకు అందుకు భిన్నంగా, నొప్పీ దురదా లేకుండా, రెండు వైపులా ఒకే తీరున వెంట్రుకలు పలచబడి, నాలుగు నెలల తరువాత దురద వచ్చింది. ఈ క్రమం చూసినప్పుడు శరీరం లోపలి గ్రంథులలో లోపం ఉందేమోనని ముందుగా అనుమానించాలి. గ్రంథుల లోపంతో చర్మం తన రక్షణ శక్తిని కోల్పోతుంది. సాధారణంగా చర్మం మీద ఏ హానీ చేయకుండా ఉండే బ్యాక్టీరియా, ఈస్టు (కంటికి కనిపించని ఒక రకం శిలీంధ్రం) అప్పుడు విపరీతంగా పెరిగి దురదను, వాసనను కలిగిస్తాయి. జిడ్డు, నలుపు, ముక్కిన నూనెను పోలిన వాసన ఈ మూడూ కలిసి కనిపిస్తే మలసీజియా అనే ఈస్టు చేరి ఉండడానికి ఎక్కువ అవకాశం ఉంది. అయితే పరీక్ష చేయకుండా దీనిని నిర్ధారించలేము కనుక, దీనిని అనుమానంగానే తీసుకోండి.

ముసలితనం అని ఊరుకోవద్దు. వయసుతో మూతి చుట్టూ వెంట్రుకలు నెరుస్తాయి, బొచ్చు మెరుపు తగ్గుతుంది, చర్మం సాగే గుణాన్ని కొంత కోల్పోతుంది, నేలకు ఒరుసుకునే మోచేతుల దగ్గర కాయలు కాస్తాయి. ఇంతవరకు సహజమే. చర్మం నల్లబడి దళసరి కావడం, కుళ్లు వాసన రావడం, నిద్ర పట్టనంతగా గోక్కోవడం మాత్రం ఏ వయసులోనైనా వ్యాధి లక్షణాలే. గాలిలోని ధూళి, పుప్పొడి వంటి వాటి వల్ల వచ్చే అలర్జీ చాలా కుక్కలలో ఆరు నెలల నుంచి మూడేళ్ల వయసు మధ్య మొదలవుతుంది. అందువల్ల పదేళ్లు దాటాక జీవితంలో తొలిసారి చర్మవ్యాధి వచ్చిన కుక్కను చూసినప్పుడు అలర్జీ అని సరిపెట్టుకోకుండా లోపలి కారణాన్ని వెతకడం వైద్యుని బాధ్యత.

మీరు వేసిన మాత్రల గురించి కొంత వివరంగా చెప్పాలి. వేయగానే తగ్గి, ఆపగానే తిరగబెట్టే దురద మాత్రలు చాలావరకు ప్రెడ్నిసలోన్ వంటి స్టెరాయిడ్లే అయి ఉంటాయి. సరైన వ్యాధికి, సరైన మోతాదులో, వైద్యుని పర్యవేక్షణలో అవి ఎంతో మేలు చేసే మందులే. కానీ చర్మంలో బ్యాక్టీరియా, ఈస్టు లేదా డెమోడెక్స్ అనే కంటికి కనిపించని పురుగులు ఉన్నప్పుడు అవి పైకి దురదను అణచి, లోపల రోగనిరోధక శక్తిని తగ్గించి, వ్యాధిని మరింత పాకనిస్తాయి. దీర్ఘకాలం వాడితే దప్పిక, ఆకలి, మూత్రం పెరుగుతాయి, పొట్ట జారుతుంది, చర్మం పలచనవుతుంది. రక్తపరీక్షలో థైరాయిడ్ హార్మోన్ విలువలను కూడా తగ్గించి చూపి వైద్యుని తప్పుదారి పట్టిస్తాయి. ఇప్పటికీ వేస్తున్నట్లయితే మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపవద్దు. ఎక్కువ రోజులు వాడిన తరువాత హఠాత్తుగా మానితే శరీరం తన స్వంత హార్మోన్‌ను తగినంత తయారు చేసుకోలేక కుక్క కుప్పకూలే ప్రమాదం ఉంది. కాళ్ల నొప్పికి మరే మాత్రనూ వీటితో కలిపి ఇవ్వకండి. స్టెరాయిడ్, నొప్పి మాత్ర కలిస్తే కడుపులో పుండ్లు పడి రక్తస్రావం కావచ్చు.

ఆవులకు వాడే మందును కుక్కకు పోయవద్దు. పశువులకు ఇచ్చే ఐవర్‌మెక్టిన్ అనే పురుగుల మందు మోతాదు కిలో శరీర బరువుకు 200 మైక్రోగ్రాములు. కుక్కలలో గుండె పురుగుల నివారణకు నెలకొకసారి వాడే మోతాదు కిలోకు 6 మైక్రోగ్రాములు మాత్రమే. కోలీ జాతి, దాని సంకరజాతి కుక్కలలో కొన్నింటికి ఈ మందు మెదడుకు చేరకుండా అడ్డుకునే వ్యవస్థ పుట్టుకతోనే లోపించి ఉంటుంది. అటువంటి కుక్కకు పశువుల మోతాదు ప్రాణాంతకం. పిడుదులకు వాడే అమిట్రాజ్ అనే మందు కలిపిన ద్రావణం రక్తంలో చక్కెరను పెంచి, కుక్కను మగతలోకి నెడుతుంది. ముసలి కుక్కలో, అందులోనూ మధుమేహం ఉన్న కుక్కలో ఇది చాలా అపాయకరం. పంటలకు కొట్టే పురుగుమందులు, కిరోసిన్, ఇంజన్ ఆయిల్, ఫినాయిల్ పూయడం మరింత ఘోరం. పగిలిన చర్మం నుంచి ఇవి శరీరంలోకి ఇంకుతాయి, పైగా కుక్క నాకి మింగుతుంది కూడా.

పశువైద్యశాలలో మొదట జరగవలసిన పరీక్షలు చాలా చిన్నవి. సన్నని పళ్ల దువ్వెనతో దువ్వి మిన్నల్లులను, వాటి మలాన్ని చూస్తారు. ఆ నల్లని నలుసులను తడి దూది మీద రాస్తే ఎర్రబడతాయి, ఎందుకంటే అది జీర్ణమైన రక్తం. చర్మాన్ని బ్లేడుతో గీకి సూక్ష్మదర్శిని కింద చూస్తే డెమోడెక్స్, గజ్జి పురుగులు తెలుస్తాయి. గజ్జి పురుగులు కొన్నిసార్లు కంటికి చిక్కవు. అటువంటప్పుడు చెవుల అంచులు, మోచేతులు, వెనుక కాళ్ల కీళ్ల వద్ద తీవ్రమైన దురద ఉండడం, ఇంట్లో మనుషులకు కూడా దద్దుర్లు రావడం వంటి గుర్తులను బట్టి వైద్యం మొదలుపెడతారు. జిడ్డు ఉన్న చోట సెలోటేపు అంటించి తీసి రంగు వేసి చూస్తే ఈస్టు, బ్యాక్టీరియా కొన్ని నిమిషాలలోనే తేలిపోతాయి. పెద్ద వయసు కుక్కలో ఒళ్లంతా డెమోడెక్స్ కనిపిస్తే, దానిని చంపడంతో ఆగకుండా, రోగనిరోధక శక్తి ఎందుకు తగ్గిందో తప్పక వెతకాలి.

ఆ తరువాత రక్తం, మూత్రం పరీక్షించాలి. మీరు చెప్పిన లక్షణాలకు ప్రధానంగా రెండు గ్రంథులను అనుమానించాలి. థైరాయిడ్ తగ్గితే కుక్క తిండి పెరగకున్నా బరువెక్కుతుంది, మందకొడిగా ఉంటుంది, వెచ్చని చోటు వెతుక్కుంటుంది, తోక మీది వెంట్రుకలు ఊడి ఎలుక తోకలా కనిపిస్తుంది. మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథి అతిగా పనిచేస్తే, అంటే కుషింగ్స్ వ్యాధిలో, కుక్క విపరీతంగా నీళ్లు తాగి మూత్రం పోస్తుంది, ఆబగా తింటుంది, పొట్ట కుండలా వేలాడుతుంది, చర్మం కింద రక్తనాళాలు కనిపించేంతగా పలచబడుతుంది. దీనికి మూలం ఎక్కువ కుక్కలలో మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథిలో, సుమారు 15 నుంచి 20 శాతం కుక్కలలో అడ్రినల్ గ్రంథిలోనే ఉంటుంది. థైరాయిడ్ లోపానికి లెవోథైరాక్సిన్ మాత్రలు జీవితాంతం ఇవ్వాలి. కుక్కలకు కిలో బరువుకు మనుషుల కంటే చాలా ఎక్కువ మోతాదు అవసరం కనుక, ఇంట్లో ఎవరో వాడుతున్న మాత్రను అందాజుగా ఇవ్వకూడదు. మందు మొదలైన కొద్ది వారాలలోనే హుషారు తిరిగి వస్తుంది గాని, బొచ్చు నిండుగా రావడానికి నెలలు పడుతుంది. కుషింగ్స్‌కు ట్రైలోస్టేన్ అనే మందు ఉంది, అది క్రమం తప్పని రక్తపరీక్షలతోనే వాడదగినది. మీది మగకుక్క అయి, ఒక వృషణం సంచిలోకి దిగకుండా కడుపులోనే ఉండిపోయి ఉంటే ఆ సంగతి తప్పక చెప్పండి. అందులో ఏర్పడే కణితి వల్ల కూడా ఇదే తీరున వెంట్రుకలు రాలతాయి, శస్త్రచికిత్సతో దానిని తొలగించవచ్చు.

పరీక్ష ఫలితాలు వచ్చేలోగా కుక్కకు ఉపశమనం ఇచ్చేది స్నానమే. నమూనాలు తీసిన తరువాతే మొదలుపెట్టండి, ముందే చేయిస్తే పరీక్షలో ఏమీ కనబడకపోవచ్చు. క్లోర్‌హెక్సిడిన్, మైకోనజోల్ కలిసిన కుక్కల షాంపూతో వారానికి రెండుసార్లు చేయించాలి. నురుగును చర్మం మీద పూర్తిగా పది నిమిషాలు ఉంచాలి. చాలామంది ఒక్క నిమిషంలో కడిగేసి మందు పనిచేయలేదంటారు. ఆ తరువాత శుభ్రంగా కడిగి, తొడ సందులు, చంకలు, వేళ్ల మధ్య తడి లేకుండా తుడవాలి. మనుషుల సబ్బులు, షాంపూలు కుక్క చర్మానికి సరిపడవు. కీళ్లు బిగుసుకున్న ముసలి కుక్కను నున్నని గచ్చు మీద నిలబెట్టి రుద్దితే జారి బాధపడుతుంది, కాళ్ల కింద తడిసిన గోనె సంచి పరచండి.

మిన్నల్లులు బయటపడితే ఒక్క కుక్కకు మందు వేసి ఊరుకోవద్దు. వాటి సంతతిలో కుక్క ఒంటి మీద ఉండేది కొద్ది భాగమే, గుడ్లు, పిల్లపురుగులు, గూడు దశలోనివి అది పడుకునే చోటే ఉంటాయి. కనుక పరుపును వేడినీటిలో ఉతికి, ఇంట్లోని ఇతర కుక్కలకూ పిల్లులకూ వాటి వాటికి తగిన మందును ఒకేసారి వాడాలి. కుక్కల పెర్మెత్రిన్ మందు పిల్లులకు విషం. ఐసాక్సజోలిన్ వర్గపు నమిలే మాత్రలు పిడుదులు, మిన్నల్లుల మీద బాగా పనిచేస్తాయి. మూర్ఛలు వచ్చిన చరిత్ర ఉంటే మాత్రం ముందే డాక్టరుకు చెప్పాలి.

స్నానం చేయించేటప్పుడు ఒళ్లంతా చేత్తో తడిమి చూడండి. ముసలి కుక్కలలో మెత్తని కొవ్వు గడ్డలు, చిన్న పులిపిర్లు తరచుగా వస్తాయి, వాటిలో చాలావరకు హానికరం కావు. అయితే మాస్ట్ సెల్ కణితి అనే క్యాన్సర్ కూడా మెత్తని కొవ్వు గడ్డలాగే చేతికి తగలవచ్చు కనుక, ఏ గడ్డనైనా సన్నని సూదితో కణాలు తీసి చూపించిన తరువాతే వదిలేయాలి. పెరుగుతున్న గడ్డను పిసకడం, దారంతో కట్టడం చేయకండి.

వైద్యుని దగ్గరకు వెళ్లే ముందు రెండు రోజుల పాటు, కొలిచిన నీటిని ఒకే గిన్నెలో పోసి, మిగిలినది కొలిచి, కుక్క 24 గంటలలో ఎంత తాగుతోందో రాసుకోండి. ఇతర జంతువులు ఆ గిన్నెలో తాగకుండా చూడాలి. 24 కిలోల కుక్క రోజుకు 2.4 లీటర్లకు మించి తాగుతుంటే అది స్పష్టంగా అసాధారణం, ఇది మీ డాక్టరుకు ఎంతో పనికివచ్చే ఆధారం. ఆ కాగితంతో పాటు మీరు వేసిన మాత్రల అట్టను, ఏ తేదీల నుంచి ఏ తేదీల వరకు వేశారో, చివరి మాత్ర ఎప్పుడు వేశారో ఆ వివరాలను తప్పక తీసుకువెళ్లండి.