పీటర్ కుషింగ్ హారర్ చిత్రాలలో చిక్కుకుపోయి ప్రతిభను వృథా చేసుకున్నారా?

ఆంగ్ల నటుడు కుషింగ్ ప్రతిభను వృథా చేసుకోలేదనే నా అభిప్రాయం. లారెన్స్ ఒలీవియర్ బృందంలో షేక్‌స్పియర్ నాటకాలు ఆడిన నటుడు బ్రిటన్‌లోని హ్యామర్ సినిమా సంస్థవారి భయానక చిత్రాలకు దిగడం పతనమే కదా అని మీరు అడిగారు. నేను సినిమా విమర్శకుణ్ణి కాను. చాలాకాలం పరిషత్తు నాటకాలలో వేషాలు వేసి, ఇప్పుడు కొత్తవారితో రిహార్సల్స్ చేయిస్తున్నవాణ్ణి. కుషింగ్ చిత్రాలను నేను భయపడడానికి చూడలేదు, ఆయన చేతులు ఏం చేస్తున్నాయో గమనించడానికి చూశాను. అందువల్ల నా సమాధానం ఆ వైపు నుంచే ఉంటుంది.

ముందుగా, ఆయన దిగివచ్చారని మీరు అనుకుంటున్న ఎత్తు ఎంతటిదో చూద్దాం. 1913లో సర్రేలోని కెన్లీలో పుట్టిన కుషింగ్, స్థానిక కౌన్సిల్ కార్యాలయంలో సర్వేయరు సహాయకుడిగా పనిచేస్తూ, వర్దింగ్‌లోని ఒక నాటక సమాజం ద్వారా రంగస్థలం ఎక్కారు. 1939లో, తిరుగు ప్రయాణానికి టికెట్ కూడా లేకుండా, హాలీవుడ్‌కు వెళ్లారు. అక్కడ దొరికిన తొలి పని, ఒక చిత్రంలో ద్విపాత్రాభినయం చేస్తున్న హీరోకు ఎదురుగా నిలబడి రెండో పాత్ర సంభాషణలు చెప్పడం. తెరమీదికి వచ్చేసరికి ఆ స్థానంలో మళ్లీ హీరోయే కనిపిస్తాడు. ఆ చిత్ర దర్శకుడు జేమ్స్ వేల్. 1931లో ఫ్రాంకెన్‌స్టైన్ తీసినది కూడా ఆయనే కావడం విచిత్రమైన యాదృచ్ఛికం. యుద్ధకాలంలో ఇంగ్లండుకు తిరిగివచ్చాక, ఒలీవియర్ 1948లో తీసిన హామ్లెట్‌లో ఆస్రిక్ అనే చిన్న వేషం వేశారు, ఒలీవియర్ నడిపిన ఓల్డ్ విక్ నాటక బృందంతో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ తిరిగారు. పని దొరకని రోజులలో స్కార్ఫుల మీద రంగులతో బొమ్మలు వేసి ఇల్లు గడుపుకున్నారు. గౌరవం ఉంది గానీ, ప్రధాన పాత్రలు లేవు.

ఆయనను ఇంటింటికీ తెలిసిన నటుడిని చేసింది టెలివిజన్. 1954 డిసెంబరు 12న బీబీసీ ప్రసారం చేసిన నైన్టీన్ ఎయిటీ ఫోర్ (జార్జ్ ఆర్వెల్ నవల ఆధారంగా తీసినది) నాటకంలో కథానాయకుడు విన్‌స్టన్ స్మిత్‌గా నటించారు. అందులోని హింస చూసి జనం ఆందోళన చెందారు, పార్లమెంటు దాకా చర్చ వెళ్లింది. అయినా నాలుగు రోజుల తర్వాత అదే నాటకాన్ని నటులందరూ మళ్లీ మొదటి నుంచి ప్రత్యక్షంగా ఆడారు. ఈనాడు మనకు మిగిలింది ఆ రెండో ప్రదర్శన చిత్రీకరణే. రీటేకు అన్న మాటే లేని ఆ పద్ధతిని తట్టుకున్న నటుడికి హ్యామర్ వారి చిన్న బడ్జెట్లు, తక్కువ రోజుల షూటింగులు కొత్త కష్టమేమీ కాలేదనుకుంటాను.

1957లో వచ్చిన ద కర్స్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్‌ను కాస్త నిదానంగా చూడాలి. హాలీవుడ్ యూనివర్సల్ సంస్థ చిత్రాలలో వరుస కథలన్నీ ఫ్రాంకెన్‌స్టైన్ శవాలతో తయారుచేసిన వికృతాకారం వెంట నడిచాయి. హ్యామర్ వారు దానిని తిరగవేసి, కథను దాని సృష్టికర్త బ్యారన్ ఫ్రాంకెన్‌స్టైన్ వెంట, అంటే కుషింగ్ పాత్ర వెంట నడిపించారు. అందువల్ల 1974 వరకు వచ్చిన ఆరు చిత్రాలలో కుషింగ్‌కు ఒకే మనిషిని పదిహేడేళ్లపాటు మార్చుకుంటూ పోయే అవకాశం దొరికింది. ఏ షేక్‌స్పియర్ నటుడికైనా ఇది దొరుకుతుందా? మొదటి చిత్రంలో ఉరికంబం నుంచి తెచ్చిన శవం తలను కోసి, నెత్తుటి చేతిని తన కోటుకే తుడుచుకుంటాడు. ఆ తుడుచుకోవడంలో కోపమూ లేదు, అసహ్యమూ లేదు, పని మధ్యలో ఉన్న వడ్రంగి చేతికంటిన పొట్టు దులుపుకున్నట్టు ఉంటుంది. తర్వాత ఒక స్త్రీని చావుకు వదిలిపెట్టిన దృశ్యం ముగియగానే, ఉదయం ఫలహారపు బల్ల దగ్గర కూర్చుని మార్మలేడ్ (నారింజ జామ్) అందించమని మర్యాదగా అడుగుతాడు. అక్కడ ఆయన ఏ హావభావమూ చూపించడు. దుష్టుడి వేషం అనగానే కనుబొమలు ఎగరేసి గొంతు పెంచే మా కుర్రాళ్లకు నేను ఈ రెండు చోట్లనే చూపిస్తాను. చేతికి పని ఇస్తే గొంతు దానంతట అదే తగ్గుతుందని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ప్రాపర్టీలంటే, అంటే నటుడు చేతపట్టి వాడే వస్తువులంటే, ఆయనకున్న మోజు వల్ల తోటివారు ఆయనను ప్రాప్స్ పీటర్ అని పిలిచేవారు. 1958 నాటి డ్రాకులా పతాక సన్నివేశంలో కుషింగ్ వేసిన పాత్ర, రక్తపిశాచాలను వేటాడే వాన్ హెల్సింగ్, జేబులోంచి మరో సిలువ తీయడం బదులు, బల్లమీది రెండు కొవ్వొత్తుల స్తంభాలను అడ్డంగా పట్టి సిలువ చేస్తాడు. ఆ ఆలోచన కుషింగ్‌దే. మరుసటి ఏడాది వచ్చిన ద మమ్మీ పోస్టరులో మమ్మీ శరీరంలోని రంధ్రం గుండా వెలుతురు వస్తున్నట్టు గీశారు. కథలో అలాంటిదేమీ లేదు కాబట్టి, పోస్టరుకు న్యాయం చేయడానికి తానే మమ్మీని ఈటెతో పొడిచే ఘట్టాన్ని ఆయన ప్రతిపాదించారు. డ్రాకులాగా ఆరున్నర అడుగుల క్రిస్టఫర్ లీ ఎదురుగా నిలబడ్డాడంటే భయం సగం సిద్ధమైనట్టే. కానీ ఆ రక్తపిశాచం నిజంగా ఉందని మనం నమ్మేది లీని చూసి కాదు, లీని చూస్తున్న కుషింగ్ ముఖాన్ని చూసి.

నష్టమే లేదని అననుగాక అనను. 1969 నాటి ఫ్రాంకెన్‌స్టైన్ చిత్రంలో పంపిణీదారుల ఒత్తిడి మీద చివరి దశలో ఒక అత్యాచార దృశ్యాన్ని చేర్చారు. అది ఆయనకూ ఇష్టం లేదు, నటి వెరోనికా కార్ల్‌సన్‌కూ ఇష్టం లేదు. పాత్రకు అది అతకదని చూసినవారెవరికైనా తెలుస్తుంది. 1971 జనవరిలో భార్య హెలెన్ మరణించాక ఆయన దాదాపు వచ్చిన ప్రతి వేషాన్నీ అంగీకరించారు. పనిలో మునిగి ఉండడమే అప్పుడు ఆయనకు కావలసింది. దుఃఖంతో మనిషి ఎంత కుంగిపోయారంటే, డ్రాకులా ఏ.డి. 1972లో కథానాయిక తండ్రిగా రాసిన పాత్రను తాతగా మార్చవలసి వచ్చింది. ఆ దశాబ్దపు చిత్రాలలో చాలావాటిని నేను రెండోసారి చూడలేదు. అయితే టేల్స్ ఫ్రమ్ ద క్రిప్ట్ అనే 1972 చిత్రంలో, చనిపోయిన భార్య ఫొటోతో మాట్లాడుకునే ముసలి గ్రిమ్స్‌డైక్ వేషం ఆ కాలానిదే, ఆయన వేషాలన్నిటిలో నాకు అతి విలువైనదీ అదే.

1977 నాటి స్టార్ వార్స్ గురించి మీకు తెలిసే ఉంటుంది. బూట్లు బిగుతుగా ఉండడం వల్ల వీలైనన్ని షాట్లలో ఇంటి చెప్పులతోనే నటించారు. ముఖం చూసినవారికి ఆ అనుమానమే రాదు.

చూడదలచుకుంటే 1958 డ్రాకులాతో మొదలుపెట్టండి, ఆ తర్వాత మొదటి ఫ్రాంకెన్‌స్టైన్, పిదప గ్రిమ్స్‌డైక్ ఉన్న చిత్రం. నైన్టీన్ ఎయిటీ ఫోర్ పాత ప్రింటు మసకగా ఉంటుంది కాబట్టి దానిని నాలుగోదిగా పెట్టుకోవడం మంచిది.